మా బావిలోని తాబేలు

ఈ ఉదయం వానకు తుర్కయాంజాల్‌లోని మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి ఓ తాబేలు వచ్చింది. అందరూ ఫోన్లలో దాని పేరు వెతుకుతున్నారు. నేను తిరగేసి చూశాను. వెనక కాళ్లను కప్పే మెత్తటి చర్మపు మడతలున్నాయి. చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా పొలం బావిలో ఉండేదీ ఇదే జాతి.

గుర్తుందా, పురుగులు తింటుందని మంచినీళ్ల బావిలో తాబేలును వదిలేవాళ్లు? అది బొక్కెనలో పైకొస్తే, "మెల్లగ దించు బిడ్డ, మన నీళ్లు కాపాడేది గదే" అనేది అమ్మ.

పొలం అమ్మేశాక, ప్లాట్ల కోసం ట్రాక్టర్లతో ఆ బావి పూడ్చారు.

"అన్నా, లోపల తాబేలున్నది" అని అరిచాను.

"దానికి ఈత వస్తది తియ్, ఫికర్ చెయ్యకు" అంటూ డ్రైవర్ మట్టి దించేశాడు.

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు.