అమ్మ కుళాయి తిప్పిన సాయంత్రాలు

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, లోకల్ రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బెంగాల్‌లో, టికియాపారాలో మా రైల్వే క్వార్టర్ల ముందు రోడ్డు మీద పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. అమ్మ కిచిడీ వండింది. అందరం ఇంట్లోనే ఉన్నాం, అన్నయ్య తప్ప. పొద్దున్నుంచి మూడుసార్లు వీధి చివరి సైబర్ కేఫ్ దాకా వెళ్లాడు, షట్టర్ దించి ఉండటం చూసి తిరిగొచ్చాడు. మూడోసారి గుమ్మంలోనే కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఏటన్నయ్యా, రేపు తీస్తాడు కదా" అన్నాను.

"రేపటిదాకా ఎలాగే?" అన్నాడు.

నవ్వులాటకి అంటున్నాడేమోనని మొహం చూశాను. కాదు. ఏదో తేడాగా ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

మిగతాది చెప్పేముందు ఒక్క కబురు చెప్పేస్తాను, ఆపుకోవడం నా వల్ల కావడం లేదు. పోయిన వారం నా బి.ఎ. రిజల్టు వచ్చింది. ఆనర్స్‌తో పాసయ్యాను. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేశాడు. నాన్న పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అమ్మ సంతకం పెట్టడం నేర్చుకున్నది నేను బళ్లో చేరాకే. మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని నేను. ఆ రిజల్టు చూసొచ్చి నాకు చెప్పింది అన్నయ్య. ఈ కబురు నాకింత తియ్యగా ఉండటానికి కారణం అదే.

అన్నయ్య పేరు దాసు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మాటకారి. మా తెలుగు చర్చిలో ఢోలక్ వాయించేవాడు. చిన్నప్పటి నుంచీ రైలు నడపాలని ఆశ. అసిస్టెంట్ డ్రైవర్ రాతపరీక్ష రెండోసారికి పాసయ్యాడు. మెడికల్‌లో రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి, అందులో అంకె చదవమన్నారు. "ఇందులో అంకె లేదు సార్" అన్నాడట. కలర్ బ్లైండ్‌నెస్. అన్‌ఫిట్ అని రాసిచ్చారు. పుట్టిందగ్గర్నుంచి సిగ్నళ్ల పక్కనే పెరిగినవాడికి, తన కళ్లకు ఆ రంగులు సరిగా తెలియవని అప్పటిదాకా తెలియదు.

తర్వాత మెల్లగా తిండి తగ్గింది, నిద్ర తగ్గింది. ఉద్యోగం రాలేదని బెంగ అనుకున్నాం. రోజూ సాయంత్రం గంటసేపు సైబర్ కేఫ్‌కి వెళ్తుంటే ఉద్యోగాలు వెతుకుతున్నాడని అమ్మ సంతోషపడింది కూడా.

బంద్ మర్నాడు, నోట్స్ ప్రింట్ కావాలని సాకు చెప్పి నేనూ వెంట వెళ్లాను. ఆ ప్రింట్ కోసం అన్నయ్య కౌంటర్ దగ్గరికి లేచినప్పుడు అతని స్క్రీన్ చదివాను. అదొక ఫోరం. బతకాలని లేనివాళ్లు ఒకరికొకరు రాసుకునే చోటు. తనకిక బతకాలని లేదని అన్నయ్య వచ్చీరాని ఇంగ్లీషులో రాశాడు. కింద కొందరు మంచిగా జవాబులిచ్చారు. ఒకరిద్దరు మాత్రం, నీకు ఎవరూ సాయం చేయలేరని రాశారు.

తప్పు చేసింది ఇక్కడే. అన్నయ్యని ఒక్కమాట అడగకుండా ఇంటికి పోయి అమ్మకి చెప్పేశాను.

మా చర్చిలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తారు. సంఘపెద్ద ఆదివారం వాటిని ఒక్కొక్కటే పైకి చదువుతారు. జ్వరమైనా, ట్రాన్స్‌ఫరైనా, పరీక్షైనా, మా వాళ్లు ముందు చేసే పని చీటీ వేయడం. అమ్మ పక్కింటావిడ చేత రాయించి వేసింది.

"సహోదరుడు దాసు మనసులో కలిగిన చావు తలంపు తొలగిపోవాలని తల్లి మనవి" అని సంఘపెద్ద మైకులో చదివారు.

అన్నయ్య ముందు వరసలో ఢోలక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పాట మొదలైంది. ఢోలక్ మోగలేదు.

ఆ వారమంతా ఇంటికి జనం. బిస్కెట్ ప్యాకెట్లు, సలహాలు. "నీకేటి తక్కువరా?" అని ఒకరు, "అలాంటి ఆలోచనే పాపంరా" అని ఇంకొకరు. అన్నయ్య అందరికీ టీ అందించి, మళ్లీ గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాతో మాట్లాడటం మానేశాడు. కేఫ్‌కి వెళ్లడం కూడా మానేశాడు. దేవుడు మనవి విన్నాడంది అమ్మ. నాకలా అనిపించలేదు. తన బాధ చెప్పుకునే ఒక్క చోటూ మేమే లేకుండా చేశాం.

ఇక ఎవర్ని అడగాలో తెలియక ఆ ఫోరంలోనే నేనూ రాశాను. పేర్లు పెట్టలేదు. నేనొకరి చెల్లెల్ని, ఏం చేయాలో చెప్పండి అన్నాను. ఫోరం చూసుకునే ఒకావిడ జవాబిచ్చింది. ఏ ఊరో తెలియదు. అతను చూపిస్తే తప్ప అతను రాసింది ఇక చదవొద్దంది. ప్రాణం తీసుకోవాలనుందా అని సూటిగా అడగమంది. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుందంది. ఉందంటే ఒంటరిగా వదలొద్దు, డాక్టర్ దగ్గరికి నువ్వూ తోడు వెళ్లు అని రాసింది.

ఆ మాట తెలుగులో ఎలా అడగాలా అని దారంతా ఆలోచించాను. ఎలా అనుకున్నా కటువుగానే ఉంది. ఇంటికొచ్చేసరికి అన్నయ్య డాబా మీద బట్టలు తీస్తున్నాడు.

"అన్నయ్యా, నీకు చచ్చిపోవాలని అనిపిస్తందా?"

చేతిలో ఉన్న నాన్న యూనిఫాం చొక్కాని మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు.

"అనిపిస్తాది."

"ఇయ్యాలా?"

"ఇయ్యాల కొంచెం తక్కువే. ఆదివారం మాత్రం..." ఆగాడు. "నువ్వు ఏడిస్తే నేనింకేటీ చెప్పను."

"ఏడవట్లేదు."

"ముక్కు కారతంది."

"జలుబు."

కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి నెలలైంది.

"చీటీ సంగతి నా తప్పే. నిన్నడక్కుండా అమ్మకి చెప్పాను" అన్నాను.

"అందరూ ప్రార్థన చేసారే. ఏటయిందిరా అని ఒక్కరూ అడగలేదు."

డాబా మీద నాతో అన్నది నాన్నకి అన్నయ్యే చెప్పాడు, నేను పక్కన కూర్చున్నాను. నాన్న తన మంచం తెచ్చి అన్నయ్య మంచం పక్కన వేసుకున్నాడు. "గవర్నమెంటాసుపత్రిలో ఓపీ టికెట్‌కి పొద్దున్నే లైనుంటాది. నాను నిలబడతాను" అన్నాడు.

సైకియాట్రీ ఓపీడీలో చూసిన డాక్టర్ పెద్దావిడ, బెంగాలీ. థైరాయిడ్‌తో సహా బ్లడ్ టెస్టులు చేయించింది. అన్నీ నార్మల్. "సివియర్ డిప్రెషన్" అని, మా అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పింది. "ఉద్యోగం రాకపోవడం ఒక్కటే కారణం కాదు. ఇది ఇల్‌నెస్, ట్రీట్‌మెంట్ ఉంది. ట్యాబ్లెట్ పనిచేయడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందాకా ఒంటరిగా ఉంచకండి. మందులు తండ్రి దగ్గరే ఉండాలి." ఆలోచన ముదిరితే ముందు ఎవర్ని పిలుస్తాడో అన్నయ్య చేతే కాగితం మీద రాయించింది. మొదట నా పేరు రాశాడు.

"మళ్లీ ఆ కంప్యూటర్ జోలికి పోవద్దని సెప్పండమ్మా" అంది అమ్మ. నేను హిందీలో చెప్పాను.

డాక్టర్ అన్నయ్యని అడిగింది. "అక్కడ నీకేం దొరుకుతుంది?"

"అక్కడెవరూ ఏడవరు. నేను రాసింది చివరిదాకా చదువుతారు."

"విన్నారు కదా" అని మావైపు తిరిగింది. ఆశ లేదని రాసేవాళ్లని చదవొద్దని, మంచిగా జవాబిచ్చేవాళ్లకి రాయడం మానొద్దని అన్నయ్యకి చెప్పింది. రోజూ అరగంట ఇంట్లోనూ అలాగే వినమని మాకు చెప్పింది.

అరగంట సాయంత్రం టీ అప్పుడు పెట్టుకున్నాం. అన్నయ్య చెబుతాడు, మేం వింటాం. అతను ముగించేదాకా సలహా లేదు, ప్రార్థన లేదు, ఏడుపు లేదు. అమ్మ వల్ల అయ్యేది కాదు. లేచి వంటింట్లోకి పోయి కుళాయి పూర్తిగా తిప్పేసేది. మాకు నీళ్లొచ్చేదీ ఆ వేళకే.

"అమ్మ కుళాయి తిప్పింది. బిందెలు నిండేదాకా నాకు టైముంది" అనేవాడు అన్నయ్య. కొన్నాళ్లకి ఆ మాటకి అమ్మే వంటింట్లోంచి నవ్వేది.

రెండో నెలకి తేరుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాం. "సంఘంలో సాక్ష్యం సెప్పాల బాబూ, బాగయిపోనానని" అని అమ్మ రోజూ అనేది. దేవుడు చేసిన మేలు అందరి ముందూ నిలబడి చెప్పడాన్ని మా సంఘంలో సాక్ష్యం అంటారు. అన్నయ్య ఎవరికీ చెప్పకుండా ట్యాబ్లెట్లు మానేశాడు. నాన్న చేతిలో పెట్టింది నోట్లో వేసుకున్నట్టు చేసి పారేసేవాడు. పది రోజులకి మా కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కరుణా, మళ్లీ వచ్చింది" అన్నాడు. "కాగితంలో నీ పేరే మొదట ఉంది కదా."

అట్నుంచి అటే ఆసుపత్రికి వెళ్లాం. పన్నెండు రోజులు వార్డులో ఉంచారు. బి.ఎ. చివరి ఏడాది, పార్ట్ త్రీ పరీక్షలకి నేను ఆ వరండా బెంచీ మీదే చదివాను. కాస్త కుదుటపడ్డాక అన్నయ్య నా నోట్స్ పట్టుకుని ప్రశ్నలడిగేవాడు.

మందెందుకు ఆపావని డాక్టర్ అడిగింది.

"మందు మింగుతూ బాగయ్యానని ఎలా చెప్పను? అబద్ధ సాక్ష్యం కదా."

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఇవి పెట్టుకుని, నాకు స్పష్టంగా కనిపిస్తోందంటే అది అబద్ధమా? సాక్ష్యంలో మందు పేరు కూడా చెప్పు."

ఆ బంద్‌కి ఇప్పుడు ఏడాది కావస్తోంది. అన్నయ్య ఇప్పుడు ఢోలక్‌లు, తబలాలు చేసే దుకాణంలో పనిచేస్తున్నాడు. మందు నడుస్తోంది. బరువుగా గడిచే వారాలు ఇప్పటికీ వస్తాయి, వస్తే చెబుతాడు. పోయిన నెల సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు, మందు పేరుతో సహా. ఆరాధనయ్యాక ముగ్గురు ఆడవాళ్లు వేర్వేరుగా వచ్చి, ఆ డాక్టరు ఏ రోజుల్లో చూస్తారని అమ్మ చెవిలో అడిగారు. సంఘపెద్ద ఇప్పుడు ఒకరి గురించి ఇంకొకరు వేసిన చీటీ ఏదీ ఆ మనిషిని అడగనిదే చదవరు.

రిజల్టు రోజు నేను వెళ్లనన్నాను. అన్నయ్యే కాలేజీకి వెళ్లాడు. వచ్చేసరికి నేను బియ్యం కడుగుతున్నాను.

"ఏటి గ్రాడ్యుయేట్ మేడం, మీరు కూడా బియ్యం కడుగుతారా?" అన్నాడు గుమ్మంలోంచి.

నాన్న కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోకి పోయింది. నీళ్లొచ్చే వేళ కాదది. అయినా కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే, ఊరికి చెప్పేముందు ఆ మనిషినే అడగండి, సూటిగా. అవునంటే పక్కనే ఉండండి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. ఏడుపొస్తే వంటింట్లో కుళాయి ఎలాగూ ఉంటుంది.