తెల్లగుడ్డ నాలుగో కొస

రిబ్కమ్మ తన బతుకులో చెప్పిన పెద్ద అబద్ధం ఒక్కటే. ఇరవై రెండేళ్లకే మొగుడు పోతే, చంటిబిడ్డ గ్లోరీని తల్లి దగ్గర వదిలి, నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వెళ్లి ఓ ఇరానీ కుటుంబంలో వంటకు కుదిరింది. ఒంటరిదని తెలిస్తే లోకం ఊరుకోదని, "మా ఆయన కంగ్టిల ఎవుసం చేస్తుండు" అని ఊళ్లో మొగుడున్నట్టే చెప్పింది.

ఆ ఇంటి పిల్ల మహీన్ పెళ్లిలో వధూవరులను పెద్ద అద్దం ముందు కూర్చోబెట్టారు. వాళ్ల ఆచారం ప్రకారం తలలపైన తెల్లగుడ్డ నాలుగు కొసలూ పట్టి, దానిమీద రెండు చక్కెర దిమ్మలు రుద్దారు. ఆ గుడ్డ పట్టాల్సింది మొగుడున్న ఆడవాళ్లే. ఆ నలుగురిలో ఒకామె రాలేదు. "రిబ్కా, నువ్వు పట్టు," అంది యజమానురాలు. రిబ్కమ్మ నాలుగో కొస పట్టుకుంది. పెళ్లికి ఒప్పుకున్నావా అని రెండుసార్లు అడిగితే, పిల్ల పూలు కోయడానికి పోయిందని ఆనవాయితీగా చుట్టూ ఉన్నవాళ్లే బదులిచ్చి నవ్వారు. మూడోసారి మహీన్ ఒప్పుకుంది. నలభై రోజులు తిరగకుండానే జ్వరమొచ్చి పోయింది.

రిబ్కమ్మ పని మానిన రోజు ఆ తల్లి అద్దాన్ని కళ్లముందు ఉంచుకోలేక ఆమెకే ఇచ్చింది. ముప్పై ఏళ్లుగా అది పెట్టెలో బోర్లా పడి ఉంది.

ఈ ఏడు మనవరాలు షైనీ నిశ్చితార్థానికి, అమ్మమ్మ చెప్పిన ఇరానీ పెళ్లి ముచ్చట తనకూ కావాలని ఆ పిల్లే పట్టుబట్టి అద్దం బయటికి తీసింది. చక్కెర దిమ్మలకు బదులు పటికబెల్లం తెచ్చారు. పట్టపగలు, ఇంటినిండా జనం. గుడ్డ కొస పట్టడానికి మనూర్ నుంచి రావాల్సిన చుట్టపామె ఆటో దొరక్క ఆగిపోయింది.

"అమ్మా, గా కొస నువ్వు పట్టు," అంది కూతురు గ్లోరీ.

"నేనొద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు."

"చర్చికి పోయేటోళ్లకు గీ పట్టింపులేంది? జల్దీ పట్టు, నఖరాలు చాలు!" అంటూ పక్కింటి ఉమారాణి కొసను ఆమె పిడికిట్లో కుక్కింది.

రిబ్కమ్మ అద్దంలోకి చూసింది. అందులో అందరూ ఉన్నారు, తాను తప్ప. నాలుగో కొసను గోరింటాకు పండిన లేతచెయ్యి ఒకటి పట్టుకుని ఉంది.

"షైనీ, ఒప్పుకున్నవా?" అడిగింది గ్లోరీ.

"పిల్ల పూలకు పోయింది!" గొల్లుమన్నారు ఆడవాళ్లు.

రిబ్కమ్మ అద్దంలోని ఆ చేతికేసి వంగింది. "మహీన్ బిడ్డా, ఆనాడు అబద్ధమాడిన. నాకు మొగుడు లేకుండె. నన్నేమన్న చెయ్యి, గీ పిల్లను ముట్టకు," అని గొణిగి పిడికిలి విప్పేసింది.

గుడ్డ వాలలేదు.

మూడోసారి షైనీ "ఒప్పుకున్న" అనేదాకా ఆ కొస గాలిలో అట్లాగే ఉంది.

"గంతసేపు పట్టినవ్, చేతులు గుంజుతలేవా?" అని తర్వాత గ్లోరీ అడిగింది. ఆరోజు నుంచి రిబ్కమ్మ వేళ్లమీద రోజులు లెక్కపెట్టింది. నలభై ఒకటో రోజు పొద్దున షైనీ బజారు నుంచి నవ్వుకుంటూ వచ్చి, "అమ్మమ్మా, నీకే తెచ్చిన," అంటూ మల్లెపూలు ఒళ్లో పోసింది.

రిబ్కమ్మ దోసిటినిండా పూలు పట్టుకుని అద్దం ముందు నిలబడింది.

అద్దంలో ఆమె దోసిలి ఖాళీగా ఉంది. ఆ మల్లెలు పక్కనే గోరింటాకు పండిన లేతచేతుల్లో ఉన్నాయి.