మేస్త్రి కొన్న చెట్లు

మేస్త్రి బొటనవేలి గోటితో పంపు షాఫ్టును గీరి చూశాడు. నీళ్లు కారకుండా ఆపే సీలు కూర్చునే చోట గోరు తట్టుకుంది. చుట్టూ గాడి పడింది.

"మూడుసార్లు సీలు మార్పించానన్నా. నాలుగు రోజులకే మళ్లీ కారుతోంది," అంది పంపు తెచ్చిన నర్సరీ ఆమె.

"గాడి పడ్డ షాఫ్టు మీద కొత్త సీలు వేస్తే అరగక ఏం చేస్తుంది?"

మేస్త్రిది డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. తన జనరేటరు, వ్యాను వదిలే పొగకు బదులుగా ఏటా ఈమె దగ్గర కార్బన్ క్రెడిట్లు కొనేవాడు. ఆ డబ్బుతో ఆమె బోడిగుట్ట మీద చెట్లు పెంచేది. ఈ ఏడు పనులు పడిపోయి షెడ్డు ఈగలు తోలుకుంటోంది. కొనేవాళ్లు లేక నర్సరీ కూడా కుదేలైంది. పంపు ఆగిపోయి, కిందటేడు నాటిన మొక్కలు తలలు వాల్చాయి.

"ఈ ఏడు క్రెడిట్లకు డబ్బివ్వలేనమ్మా. ఇది ఊరికే చేసిపెడతా."

షెడ్డు వెనకే ఇల్లు. ఆ మాట వినపడి భార్య గుమ్మంలోకి వచ్చింది.

"మన పైకప్పు కారుతుంటే, మీరు గాలికి మరమ్మతు చేస్తున్నారా?"

"మన నూనె వీధిలో పడితే మనమే తుడుస్తాం కదే. పొగా అంతే."

"తుడవండి, ఎవరొద్దన్నారు? గుడ్డకని నా చీర మాత్రం చింపకండి!"

నర్సరీ ఆమె నవ్వు ఆపుకుంది. "దీనికి కొత్త క్రెడిట్లు రాయలేనన్నా. ఈ నీళ్లు మీరు కిందటేడే కొన్న చెట్లకేగా."

"రాయకు. అవే ఎండిపోతే, ఇన్నాళ్లూ నేను కొన్నదేమిటి?"

ఇత్తడి ముక్కను లేతు మీద తిప్పి, గాడిని కప్పేలా పల్చటి తొడుగు చేశాడు. షాఫ్టుకు ఎక్కించాడు. వెంట్రుకవాసి వదులుగా ఉంది.

"సరిపోతుందిలే అన్నా, బిగించెయ్యండి. అక్కడ మొక్కలు ఎండిపోతున్నాయి."

"ఇది జారిందంటే వారానికే మళ్లీ ఎండుతాయి."

తొడుగును తీసి తుక్కులో పడేశాడు. మిగిలింది ఒక్కటే ముక్క. ఈసారి లోపలి కొలత కాస్త బిగువుగా ఉంచి, సాగేలా వేడిచేసి, పట్టకారుతో షాఫ్టు మీదికి నెట్టాడు. చల్లారాక మెలితిప్పి చూశాడు. కదల్లేదు.

సాయంత్రం గుట్ట దిగువన, కొత్త సీలు వేసిన పంపును నర్సరీ డీజిల్ ఇంజనుకు బిగించి, హ్యాండిల్ తిప్పి ఇంజను లేపాడు. పైనున్న పైపు రెండుసార్లు గాలి కక్కింది. తర్వాత నీళ్లు ధారకట్టి మొదటి వరుస పాదుల్లోకి పారాయి. సీలు కింద వేలు పెట్టి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"రేపట్నుంచి నువ్వే లేపుకోవాలి," అని హ్యాండిల్ తుడిచి ఆమె చేతికిచ్చాడు.