ఉప్పునీళ్ల మీద ఒక మాటు

మార్చి నెలాఖరులో, మధ్యాహ్నం రెండున్నరకు పడవెక్కాను. కచ్ తీరంలో ఒక ఖాడీ. ఖాడీ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఉప్పుకాలువ. రెండు పక్కలా బురద, బురదలో నడుమెత్తు మడచెట్లు. ఇంకేమీ లేదు. మా సరిహద్దు కాపలా చౌకీ నేల మీద కాదు, లంగరు వేసిన ఇనుప పడవ. ఏడుగురం. మూడు నెలల డ్యూటీ. నాలుగు గంటలు కాపలా, ఎనిమిది గంటలు విరామం. ఆటుకు పడవ బురదలో కూర్చునేది, పోటుకు లేచేది.

సైనికుడంటే మంచుకొండల మీదే ఉంటాడని మా ఊళ్లో అందరి నమ్మకం. మాది శింగనమల పక్కన పల్లె. నేను సర్వీసులో మంచు చూసింది ఒక్కసారే.

నీళ్లంటే నాకు భయం లేదు. కాలు నిలవకపోవడమే నా బాధ. గొర్రెల వెంట మైళ్లకు మైళ్లు తిరిగి పెరిగినవాణ్ణి. పడవ ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పై ఒక్క అడుగులు. మళ్లీ వెనక్కి ముప్పై ఒక్కటి. విరామంలోనూ అదే పని. కళ్లు మూసుకుంటే కాళ్లు జివ్వుమనేవి.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది గుంతకల్లు, రైల్వే కుటుంబం. పడవ మీద నేను కాక తెలుగు వచ్చినవాడు అతనొక్కడే. నాలుగో రోజు నన్ను ఆపాడు.

"ఏమప్పా, పొద్దన్నుంచి తిరుగుతానే ఉండావు. ఈ నడక నేల మీద నడిచింటే ఈపాటికి గుంతకల్లు చేరింటావు."

తెగిన చెప్పు ఒకటి నా చేతిలో పెట్టాడు. కాళ్లకు పని లేనప్పుడు చేతులకైనా పెట్టుకోమన్నాడు.

దబ్బనంతో, చేపలు పట్టే నైలాన్ దారంతో దాన్ని కుట్టాను. గంట సేపు కూర్చున్నానని లేచాక గాని తెలియలేదు. ఆ తర్వాత వంటవాడి గొడుగు. దోమతెర. కెటిల్ పిడి. ఇంజన్ డ్రైవర్ కళ్లద్దాలకు రాగి తీగతో కొత్త కాడ. ఆ ఉప్పుగాలి దేన్నీ బతకనివ్వదు. జిప్పులు బిగుసుకుపోతాయి, గుండీల దారం పొడి అవుతుంది. కొత్తవి అడిగితే నెలకు గాని రావు. అందుకని పనికొచ్చే ప్రతి ముక్కా ఒక బిస్కెట్ డబ్బాలో దాచేవాణ్ణి. తీగలు, రబ్బరు, నల్లపైపు ముక్కలు.

మా కమాండర్ ఉత్తరాది మనిషి, యాభై దాటినవాడు. గొంతు పెంచడు, నవ్వడు. ఐదో వారం తనిఖీలో ఆ డబ్బా అతని కంటపడింది. మూత తీసి చూశాడు. ఇది చౌకీ, చెత్తకుప్ప కాదు అన్నాడు హిందీలో. పడవ అంచు దాకా నడిచి డబ్బాను బోర్లించాడు. నేను అటెన్షన్‌లో నిలబడి ఉన్నాను. ఆటు నీళ్లు అన్నిటినీ తీసుకుపోయాయి.

ఆ రోజు నుంచి అతనితో మాటలు లెక్కపెట్టుకుని మాట్లాడాను. నడక మళ్లీ మొదలైంది.

మే మూడో వారం. ఉదయం ఆరుంబావుకు వంటవాడు కేక వేశాడు. మంచినీళ్ల ట్యాంకు, వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్‌ది, అడుగున పగిలింది. కుళాయి పక్కన జానెడు చీలిక. ఎండకు పెళుసుబారి, ఇంజన్ అదురుకు విచ్చుకున్నట్టుంది. రాత్రంతా కారి డెక్కు మీదుగా ఖాడీలో కలిసిపోయింది. చీలిక పైకి వచ్చేట్టు ట్యాంకును ఐదుగురు ఒరగదోశారు. అడుగు మూలలో మిగిలింది వంద లీటర్లు, మించితే నూటపది.

ఆపరేటర్ ఒడ్డుకు సందేశం పంపాడు. జవాబు ఏడు గంటలకు వచ్చింది. సముద్రం రేగి ఉంది, నీళ్ల పడవ కదలదు, ఎన్ని రోజులో చెప్పలేం.

పడవ ఊగుతూ ఉంటే ఒరిగిన ట్యాంకు ఎంతసేపు నిలుస్తుంది? మా ఊళ్లో పగిలిన ప్లాస్టిక్ బిందెను ఎవరూ పారేయరు. మా అమ్మ కొడవలి కాల్చి, పాత బిందె ముక్క కరిగించి మాటు వేసేది. ఆ సంగతి ఎప్పుడో ఆపరేటర్‌కు చెప్పాను.

"మీయమ్మ మాదిరి ఏసి సూడన్నా," అన్నాడు.

"అది బిందెప్పా. ఇది ట్యాంకు."

"రెండూ ప్లాస్టికే గదా. ఇంగ యాడికి పోతాం?"

ఆపరేటర్ ఆ మాట హిందీలో చెప్పగానే కమాండర్ నా వైపు తిరిగి, నీ వల్ల అవుతుందా అని అడిగాడు. నా డబ్బాలో ఈ రకం నల్లపైపు ముక్కలు ఉండేవి సార్ అన్నాను. కావాలనే అన్నాను. అతను చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టాడు. ట్యాంకు కింద భుజం ఆనించాడు.

గ్యాస్ పొయ్యి మీద వంటింటి అట్లకాడ కాల్చాను. బకెట్ ముక్క కోసి కరిగించి పూశాను. చల్లారాక గోరుతో లాగితే పొక్కులా ఊడొచ్చింది. రకం వేరు, కలవదు. అప్పటికి గంటయింది. అవతల ఐదుగురూ ట్యాంకును పట్టుకునే ఉన్నారు. ట్యాంకు మూత అంచు కోయాలి సార్ అన్నాను. సర్కారు వస్తువు. అనుమతి లేకుండా కోస్తే విచారణ.

"కాట్," కొయ్యమన్నాడు ఆయన, భుజం తీయకుండానే.

మూత అంచు కోశాను. ఈసారి రెండూ కరిగి ఒకటైపోయాయి. పొర మీద పొర, మూడు సార్లు. పొగకు కళ్లు మండాయి, చూపుడువేలు కాలింది. పది గంటల నలభైకి ట్యాంకును నిలబెట్టాం. అడుగున అరచెయ్యి పెట్టి చూశాను. తడి లేదు. ఆపరేటర్ డెక్కు మీద వెల్లకిలా పడుకుని, "మీయమ్మకు మొక్కల్ల," అన్నాడు.

నీళ్ల పడవ తొమ్మిదో రోజు వచ్చింది. అంతవరకూ మనిషికి రోజుకు లీటరున్నర. కొలత కమాండర్ చేతిలో. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వరుసలో నిలబడేవాళ్లం. ఆయన గ్లాసు ఎప్పుడూ ఆఖరు. ఐదో రోజు వంటవాడికి జ్వరం వచ్చింది. పెదవులు పగిలి నెత్తురు. అతని వాటా ఎక్కడి నుంచో పెరిగింది, మా వాటా తగ్గలేదు. నేను ఆలోచించలేదు. నాకు నా కాళ్లు, నా నాలుక తప్ప వేరే ధ్యాస లేదు.

వెయ్యి లీటర్లు నింపినా మాటు నిలిచింది. జూన్ చివర నా బదులు మనిషి వచ్చాడు. కమాండర్ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. నేను సెల్యూట్ చేశాను, ఆ మూడు నెలల్లో మొదటిసారి మనసు పెట్టి.

గుంతకల్లులో రైలు దిగి, రెండు బస్సులు మారి ఇల్లు చేరాను. చేలు ఎండి ఉన్నాయి, వేరుశనగ విత్తడానికి ఇంకా పదును లేదు. అమ్మ నన్ను చూసి, "నీళ్ల మజ్జెన ఉండి ఇట్ల ఎండిపోయినావేంరా?" అంది. మాటు కథ చెప్తే నాయన పగలబడి నవ్వాడు. నాలుగేళ్ల తర్వాత పింఛనుతో వచ్చేశాను. అడిగిన వాళ్లందరికీ ఆ కథే చెప్తాను.

ఒకటి మాత్రం చెప్పలేదు. ఏడో రోజు, తెల్లవారుజామున ఐదుకు నా కాపలాకు పైకి వచ్చాను. ఆ ఖాడీలో ఎండాకాలం కూడా వేకువన తడి దిగుతుంది. పడవ వెనక టార్పాలిన్ తళతళమంటోంది. దాని ముందు కమాండర్ మోకాళ్ల మీద ఉన్నాడు. జేబురుమాలుతో ఆ తడిని మెల్లగా అద్ది, స్టీలు గ్లాసులోకి పిండుతున్నాడు. మళ్లీ అద్ది, మళ్లీ పిండి. వంటవాడికి పోతున్న వాటా ఎవరిదో అప్పుడు అర్థమైంది. నేను చప్పుడు కాకుండా రెండు మెట్లు వెనక్కి దిగాను. ఆయన గ్లాసెత్తాడు. గుక్కెడు కూడా లేదు. తాగి, రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, టోపీ సర్దుకున్నాడు.