ఎడమ మోకాలు

నోరు తెరవకుండానే జీవితమంతా గడిపేయవచ్చని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బాపట్ల లైబ్రరీలో పుస్తకం తీసుకోవడానికి మాటతో పనిలేదు, బల్ల మీద పెడితే చాలు. బస్సులో పాసు చూపిస్తే కండక్టరూ ఏమీ అడగడు. మిగిలిపోయిన మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని. అలాంటి నాకు మిషిగన్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది, ఒక షరతుతో. ఇంగ్లీషు పరీక్షలో రాయడంలో మంచి మార్కులే వచ్చాయి కానీ మాట్లాడటంలో రెండుసార్లు తప్పాను. (రెండోసారి మైకులో ఊపిరి పీల్చి వదలడం తప్ప ఇంకేమీ చేయలేదని స్కోరు చూశాక అర్థమైంది.) ఏదైనా మంచి ఇంగ్లీషు బడిలో మూడు నెలలు చదివి, 'ఈ అమ్మాయి మాట్లాడగలదు' అని వాళ్ళ చేత ఉత్తరం రాయించుకొస్తే చేర్చుకుంటామన్నారు.

మిషిగన్‌లోనే ట్రాయ్ అనే ఊళ్ళో ఉండే మా పిన్ని ఫోన్‌లోనే పరిష్కారం చెప్పేసింది. "హైదరాబాద్ కోచింగ్ అసలొద్దే. అక్కడా తెలుగులోనే గొణుగుతావు. మాల్టా పక్కన గోజో అని చిన్న ఐలాండ్ ఉంది, ఇంగ్లీష్ కోర్సులకి బాగా ఫేమస్. మా టీమ్‌లో బ్రెజిల్ అమ్మాయి అక్కడే చదివొచ్చింది, ఇప్పుడు మీటింగ్‌లో ఎవర్నీ మాట్లాడనివ్వదు. అక్కడ మనవాళ్ళు ఒక్కరుండరు. నోరు తెరవక ఛస్తావా?" పిన్ని ఆలోచనలో ఒక్కటే లోపం. మనవాళ్ళు లేనిచోట నేను ఇంకా హాయిగా నోరు మూసుకుని ఉండగలను.

ఆ ద్వీపం మధ్యధరా సముద్రంలో ఉంది. పొడవు మహా అయితే బాపట్ల నుంచి చీరాల. చుట్టూ నీలంగా నీళ్ళు, తేనెరంగు రాతి ఇళ్ళు. మా టీచరుది ఆ ఊరే. ఎప్పుడూ చేతిలో ఎర్రపెన్ను ఉండేది కాబట్టి నా డైరీలో ఆవిడ పేరు ఎర్రపెన్ను టీచరు. ఆవిడది ఒకటే నియమం: రోజూ ఎవరైనా ఊరివాళ్ళతో పది నిమిషాలు మాట్లాడి, ఆ సంభాషణను నోటుబుక్కులో రాసి చూపించాలి. మొదటిరోజు సాయంత్రం నేను చర్చి ముందు చౌకులోకి వెళ్ళాను. నీలం బెంచీ మీద గోధుమరంగు టోపీ పెట్టుకున్న ముసలాయన కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర ఒక చెవి తెగిన కుక్క. ఆయన కేసి వెళ్ళాను, ఆయన పక్కనుంచి వెళ్ళాను, తిన్నగా గదికి వెళ్ళిపోయాను. అక్కడ కూర్చుని ఆయనతో పది నిమిషాలు మాట్లాడినట్టు రాశాను.

చిక్కెక్కడంటే, గోజో ముసలాయన ఏం మాట్లాడతాడో నాకు తెలియదు. నాకు తెలిసిన ముసలివాళ్ళంతా బాపట్లవాళ్ళే. అందుచేత నా నోటుబుక్కులో ఆయన మొదటి ప్రశ్న "ఏం తిన్నావు?" రెండోది "ఏం కూర?" ఆ తర్వాత నాన్నగారు ఏం చేస్తారు, మీరెంతమంది, సంబంధాలు చూస్తున్నారా. రెండోవారానికి ఆయన నన్ను ఎండలో తిరగవద్దని మందలించడం మొదలుపెట్టాడు. మూడోవారం ఆయనకు ఎడమ మోకాలు నొప్పి తెప్పించాను, నువ్వులనూనె వేడిచేసి రాసుకోమని సలహా ఇచ్చాను. టీచరు ఎర్రపెన్నుతో పక్కన రాసింది: "చాలా బాగుంది. కానీ మీ మిత్రుడికి రోజూ కూర సంగతి ఎందుకు?" ఆ రోజు ఆయన చేత పప్పు గురించి అడిగించాను.

ఇంకోవైపు నా తెలుగు డైరీ కూడా క్రమం తప్పకుండా సాగేది. అందులో ప్రతిరోజూ ఒకే వాక్యం: "ఈరోజు కూడా ఎవరితోనూ మాట్లాడలేదు."

కోర్సు అయిపోవడానికి రెండు రోజుల ముందు టీచరు నన్ను క్లాసయ్యాక ఆగమంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "నీలం బెంచీ, గోధుమరంగు టోపీ, చెవి తెగిన కుక్క అని రాశావే, ఇవాళ మొదటి పేజీలు మళ్ళీ చూస్తుంటే తట్టింది. ఆయన మా పెదనాన్న. పెద్దమ్మ పోయాక రెండేళ్ళుగా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు. నీతో ఇంత మాట్లాడుతున్నాడా! ఎల్లుండి క్లాసుకి తీసుకొస్తాను. అందరి ముందూ మీరిద్దరూ మాట్లాడండి. అది వింటూ నీ ఉత్తరం రాసేస్తాను."

మర్నాడంతా ఇంగ్లీషులో క్షమాపణ రాసుకున్నాను. ఏడు చిత్తుప్రతులు. (మూడోది బాగా వచ్చింది, ఇప్పటికీ దాచుకున్నాను.) సాయంత్రం బెంచీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏడు ప్రతుల్లో ఒక్క ముక్కా గుర్తులేదు.

"సర్, నేను మీ గురించి అబద్ధాలు రాశాను."

ఆయన కుక్క కేసి చూశాడు, తర్వాత నా కేసి. "తెలుసు. మీ టీచరు, మా తమ్ముడి కూతురు, నిన్న అంతా చదివి వినిపించింది. నా మోకాలికి ఏదో నూనె రాయమన్నావట. ఏ మోకాలు?"

"ఎడమది, సర్."

"నొప్పి కుడిది."

"సారీ, సర్."

"పరవాలేదు. రేపు ఎడమది పట్టుకుంటాను."

"టీచర్‌కి నిజం చెప్పలేదా?"

"ఎందుకు? నీ పుస్తకంలో నేను బాగానే మాట్లాడుతున్నాను. నిన్న రాత్రి మా ఇంట్లో అందరూ భోజనాలు ఆపి విన్నారు." ఆయన బెంచీ మీద కాస్త జరిగాడు. "కూర్చో. ఇంతకీ కూర అంటే ఏమిటి?"

కూర అంటే ఏమిటో చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది. పులుసు, వేపుడు, ఇగురు, ఎందులో ఏం పడుతుందో, ఎవరింట్లో ఎలా చేస్తారో అన్నీ చెప్పాను. ఇంగ్లీషు చాలనిచోట చేతులు వాడాను. మధ్యలో ఆయన తన సంగతీ చెప్పాడు. వయసులో డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. నేను వెళ్ళేది ఆ పక్కకేనని తెలిసి గంభీరంగా వేలెత్తాడు. "సాక్సులు రెండు జతలు వెయ్యి. లోపల పల్చటివి, పైన ఉన్నివి. తిరగేసి వేస్తే లాభం లేదు." ఆ మాట అచ్చం మా బాపట్ల పెద్దవాళ్ళు చెప్పినట్టే ఉంది. ఆయనకు నేనేమీ కొత్తగా అంటగట్టలేదేమో అనిపించింది.

మర్నాడు క్లాసులో ఆయన టోపీ తీసి, గొంతు సవరించుకుని, "ఏం తిన్నావు?" అన్నాడు. చెప్పాను. "ఏం కూర?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. చివర్లో లేచి నిలబడుతూ ఆయన "అబ్బా" అని ఎడమ మోకాలు పట్టుకున్నాడు. పట్టుకుని, కుడికాలు కుంటుతూ వెళ్ళి కూర్చున్నాడు. పుట్టినప్పటినుంచీ ఆయన్ని చూస్తున్న టీచరు ఆ కాలి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఎర్రపెన్ను గాల్లో ఆగిపోయింది. నా అమెరికా అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఉత్తరంలో రెండే వాక్యాలు. "ఈ అమ్మాయి ఇంగ్లీషు చక్కగా మాట్లాడగలదు. రాయడంలో మాత్రం అవసరానికి మించిన ప్రతిభ ఉంది."

ఇప్పుడు నేను ట్రాయ్‌లో కార్ల డిజైన్ ఆఫీస్‌లో పనిచేస్తున్నాను. మీటింగ్‌లో ఇప్పటికీ నా వంతు చివరనే వస్తుంది కానీ వస్తుంది. మంచు పడే రోజుల్లో పొద్దున్నే మంచం అంచున కూర్చుని లోపల పల్చటి జత, పైన ఉన్ని జత వేసుకుంటాను. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా లంచ్ రూమ్‌లో ఒంటరిగా కూర్చుంటే ఏం మాట్లాడాలో నాకు తోచదు, అందుకని వెళ్ళి ఏం తింటున్నారని అడుగుతాను. మొన్న సర్దుతుంటే ఆనాటి తెలుగు డైరీ దొరికింది. పేజీల తరబడి అదే వాక్యం. చివరికి, క్షమాపణ చెప్పడానికి వెళ్ళిన రోజు పేజీలో కలం బాగా ఒత్తి రాసి ఉంది: "ఈరోజు ఒకాయనతో మాట్లాడాను. నొప్పి కుడి మోకాలికి." ఎంతో ముఖ్యమైన విషయంలా, 'కుడి' అన్న మాట కింద రెండు గీతలు గీసుకుంది పిచ్చిపిల్ల.