కింద ఉండాల్సిన సీసా

1979 వేసవిలో నేను పూతలపట్టు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌ని. హోదాలో సర్జన్ అనే మాట ఉంది గాని, ఎక్స్‌రే లేదు, ఛాతీలో వేసే గొట్టాలూ లేవు.

ఒక ఉదయం మామిడి కోతకెక్కిన మునిరత్నం కొమ్మ విరిగి పడ్డాడు. పాతికేళ్లవాడు. తండ్రి చెంగల్రాయుడు బండిలో తెచ్చేసరికి పెదవులు నీలం తిరిగాయి. ఎడమ ఛాతీలో ఊపిరి శబ్దం లేదు. విరిగిన పక్కటెముక ఊపిరితిత్తిని చీల్చితే, ఛాతీలో చిక్కుకున్న గాలి దాన్ని నలిపేసి గుండెనూ నొక్కుతుంది. ఎక్స్‌రేకని చిత్తూరు పంపితే దారిలోనే పోతాడు. మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక దిగువన, రెండో పక్కటెముక దాటాక ఉండే సందులో లావుపాటి సూది దించాను. గాలి బుస్సుమంది. సూదికి సెలైన్ ట్యూబు తగిలించి, రెండో కొస సీసా నీళ్లలో ముంచాను. గాలి బుడగలుగా బయటికి పోతుంది, వెనక్కి రాదు. నా పనికి నేనే మురిసిపోయాను.

ఛాతీలో గొట్టం వేయగల పెద్దాసుపత్రి తిరుపతిలోనే ఉంది, జీపులో అక్కడికి బయలుదేరాం. "సీసా జాగ్రత్త, నీళ్లు ఒలకకూడదు" అని చెప్పి, దాన్ని వెనక కొడుకు పక్కనున్న చెంగల్రాయుడి చేతికిచ్చి, అలవాటుగా డ్రైవరు పక్కన కూర్చున్నాను.

కొంత దూరం పోయాక వెనక మూలుగు వినిపించింది. తిరిగి చూస్తే చెంగల్రాయుడు సీసాను తలకంటే ఎత్తున పట్టుకుని ఉన్నాడు. నీళ్లు ట్యూబులోంచి కొడుకు ఛాతీలోకి దిగుతున్నాయి. జీపు ఆపించి, ట్యూబు నొక్కిపట్టి, సీసాను ఛాతీకంటే కింద పెట్టి ట్యూబు వదిలాను. వెంటనే బుడగ రాలేదు. అంత భయం నా సర్వీసులో మళ్లీ పడలేదు. కాసేపటికి ఒకటి వచ్చింది, ఆ వెనకే మరికొన్ని.

"గ్లూకోసు సీసా ఎత్తే కదా సార్ పట్టుకోవాల? పోయినేడు మాయమ్మకు అట్లే పట్టుకుంటి" అన్నాడు చెంగల్రాయుడు. తర్వాత కొడుకు ముఖం చూసి, "నా బిడ్డను నేనే సంపుకుంటినా సార్?" అన్నాడు.

"లేదప్పా, తప్పు నాది" అన్నాను.

తిరుపతి డాక్టర్లకిచ్చే చీటీలో నీళ్లు లోపలికి పోయిన సంగతి రాశాను. ఎవరి వల్ల అనే చోట కలం ఆగింది. "సీసా కింద ఉంచాలని నేను చెప్పలేదు" అని రాసి సంతకం చేశాను. అక్కడ సరైన గొట్టం వేసి నీళ్లు, గాలి తీశారు. మునిరత్నం బతికాడు.

జాగ్రత్త అంటే చాలదు. ఏం చేయాలో, ఎందుకో చెప్పి, విన్న మనిషి చేత తిరిగి చెప్పించుకోవాలి. ఆ రోజు అందుకు అర నిమిషం పట్టేది.