రెండు బళ్ళకూ వాళ్ళే పిల్లలు

పిపరాడీహ్‌లో విజయకుమారిని అందరూ మద్రాసీ మేడం అంటారు. ఆమె మద్రాసు మొహం ఎరగదు. సామర్లకోట నుంచి వచ్చి రాయ్‌పూర్ వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన డేనియల్ కూతురు. పుట్టింది రైల్వే కాలనీలో, చదివింది హిందీలో. తెలుగు మాట్లాడటం ఇంట్లోకీ, చదవడం ఆదివారం చర్చిలో బైబిలుకీ. మూడోచోట దాని అవసరం పడలేదు.

రెండువేల ఆరులో పంచాయతీ వాళ్ళిచ్చే శిక్షాకర్మీ ఉద్యోగంలో చేరింది. పేరుకి కర్మీ, చేసేది కాంట్రాక్టు టీచరు పని. పర్మనెంటు అయ్యేసరికి జుట్టు సగం నెరిసింది. తరవాత సంకుల్ బాధ్యత అప్పజెప్పారు. సంకుల్ అంటే ఒకచోట చుట్టుపక్కల ఉన్న సర్కారు బళ్ళ గుంపు. ఈమెది ఆరంగ్ అవతల, మహానది ఇసుక లారీలు తిరిగే దారి పొడవునా ఉంది. పొద్దున్నే రాయ్‌పూర్ తెలీబంధాలో ఇంటి దగ్గర స్కూటీ ఎక్కితే ఆ దుమ్ములో బడి తరవాత బడి చూసుకుంటూ పోవాలి.

పైనుంచి ఉత్తర్వు వాట్సాప్‌లో వస్తుంది. కిందనుంచి ఫోటో వాట్సాప్‌లోనే పోతుంది. మధ్యలో విజయకుమారి. చేతులు కడుక్కుంటున్న పిల్లలు, పప్పన్నం తింటున్న పిల్లలు, మొక్క నాటుతున్న పిల్లలు. ఒకసారి ఒకే వేప మొక్కని మూడు బళ్ళు నాటాయి. ఆమె ఆ మూడు ఫోటోలూ పైకి పంపింది. ఏంచేస్తుంది? పంపకపోతే మీటింగులో నిలబెడతారు.

పిపరాడీహ్ బడి ఆ గుంపులో మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు. ఐదు తరగతులు, ముగ్గురు టీచర్లు. హెడ్మాస్టరు భుఖన్‌లాల్‌ని ఊరు బడే గురూజీ అంటుంది. ఆయనకి కాగితాలతోనూ, బియ్యంతోనూ, ఆరంగ్ మీటింగులతోనూ సరిపోతుంది. రెండో ఆయన ఓటర్ల జాబితా పనిమీద ఊళ్ళు తిరుగుతుంటాడు. మిగిలింది అందరికంటే జూనియరైన ఫూలేశ్వరి. నిజంగా పాఠం చెప్పేది ఆ అమ్మాయి ఒక్కతే. ఒకటీ రెండూ మూడూ ఒకే గదిలో కూచోబెట్టుకుని, గొంతు పోయేదాకా చెబుతుంది.

రూలు ప్రకారం బళ్ళో అరవై దాటి పిల్లలుంటేనే మూడో టీచరు. అరవై దాటినట్టు కాగితం మీద ఉంది. కాని వరి కోతలయ్యాక ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు పడతాయి. మొగుడూ పెళ్ళాం పిల్లలూ మూటలు కట్టుకుని తెలంగాణలో ఇటుక బట్టీలకి పోతారు. మళ్ళీ వానలప్పుడే రావడం. ఆ ఆరునెలలూ భుఖన్‌లాల్ వాళ్ళందరికీ హాజరు వేస్తూనే ఉంటాడు. విజయకుమారి చూసీ చూడనట్టు సంతకం పెడుతూనే ఉంటుంది. అది దొంగతనమని ఇద్దరికీ అనిపించలేదు. పేర్లు పోతే ఫూలేశ్వరి పోతుంది. ఫూలేశ్వరి పోతే బడి పోయినట్టే.

రెండేళ్ళ క్రితం, జనవరిలో, ఆమె ఆ బడి వరండాలో కూచుని ఉండగా భుఖన్‌లాల్ ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు.

"మేడం, ఎవరో మీ వాళ్ళు. అరుస్తున్నాడు. ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు."

ఆమె అందుకుంది. అవతల పెద్దాయన గొంతు. "హలో, హిందీ వచ్చినోళ్ళు ఉన్నరా ఆడ? నాకు రాదు గాని..."

"తెలుగులోనే చెప్పండి," అంది విజయకుమారి.

"అరె, తెలుగు మేడమా! బతికిచ్చిన్రమ్మా. నా పేరు వెంకటరత్నం. పెద్దపల్లి దిక్కు సర్కారు బడి హెడ్మాస్టర్ను. మా ఊరి బట్టీల మీ ఊరి పిల్లలు పదకొండు మంది దొరికిన్రు. బళ్ళె చేర్చుకున్న. కంప్యూటర్ల పేర్లు కొడ్తే మీ బళ్ళెనే ఉన్నరంటుంది. జర వాళ్ళ పేర్లు వదిలిపెట్టున్రి."

విజయకుమారికి ఒళ్ళు మండింది. పని దగ్గర మొదటిసారి తెలుగులో మాట్లాడుతోంది, అదీ కోపంగా. "మా పిల్లల్ని మీరెలా చేర్చుకుంటారండీ? ఎవర్నడిగి?"

"మీ పిల్లలా? మీ పిల్లలైతే ఈడ మట్టి పిసుక్కుంట ఎందుకున్నరమ్మా? నిన్న గుడ మీ దగ్గర హాజరు పడ్డదంట గద. ఆడ హాజరు, ఈడ మనిషి. దయ్యాలా పిల్లలు?"

అంతలో ఆయనే తగ్గాడు. "కోపం చేయకున్రి. నా బాధ నాది. మా ఊరోళ్ళ పిల్లలందరు ఇంగ్లిష్ బడి బస్సెక్కి పోతున్నరు. వీళ్ళు లేకుంటె మా బళ్ళె ఒక టీచరును గుంజుకపోతరు."

అక్కడా అదే కథ. రెండు రాష్ట్రాల్లో రెండు బళ్ళు, ఆ పదకొండుమంది పిల్లల్ని చూపించుకుని టీచర్ని నిలబెట్టుకుంటున్నాయి. పేర్లెక్కించే సర్కారు పోర్టల్లో మాత్రం ఒక పిల్ల ఒక బళ్ళోనే ఉండాలి.

"అందులో చాందిని అని ఉందా?" అని అడిగింది. ఐదో తరగతి పిల్ల. ఫూలేశ్వరి ఊపిరాడనప్పుడు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేది ఆ పిల్లే.

ఫోను చాందిని చేతికొచ్చింది. "మేడం, ఇక్కడ గుడ్డు పెడతారు," అంది మొదటిమాటే. తరవాత తెలుగులో, "బాగున్నరా?" అని కిలకిలా నవ్వింది. తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి పోతోందట. సారు వాణ్ణి పక్కనే అంగన్‌వాడీలో కూచోబెట్టిస్తున్నాడట. ఇక్కడైతే ఆ తమ్ముడి వల్లే నెలలో సగం రోజులు బడి మానేది.

మర్నాడు చాందిని వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడింది. ఆమె సూటిగా చెప్పేసింది. "ఐదు గట్టెక్కితే ఆరుకి పంపుతాం మేడం, వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు. ఐదులో మళ్ళీ కూచోమంటే మాత్రం చాలు, బట్టీలో ఇటుకలు తిరగేస్తుంది."

ఆ రాత్రి అన్నం తింటూ భర్త సామ్యూల్‌కి చెప్పింది. ఆయన రైల్వేలో గుమాస్తా, దేనికీ తొణకడు. "మీ నాన్న నేర్పిన తెలుగు ఇన్నాళ్ళకి డ్యూటీ ఎక్కిందన్నమాట," అన్నాడు. ఆమె నవ్వలేదు.

మళ్ళీ వెంకటరత్నానికి ఫోను చేసింది. పదిరోజుల్లో ఇద్దరూ పాత కాపుల్లా బేరంలోకి దిగారు. టీచర్ల కోసం పిల్లల లెక్క వాళ్ళ దగ్గర ఫిబ్రవరిలో తీస్తారు. వీళ్ళది మార్చి ఆఖర్న.

"గట్లయితె పరేషాన్ ఏముంది మేడం? లెక్క అయినంక పేర్లు మీకు పంపుత. పిల్లలు ఈడ్నే కూసుంటరు. గుడ్డు పేరుకు పెడ్తమా, పిల్లకు పెడ్తం గాని."

"అది తప్పు కదండీ?"

"తప్పే. ఇంకో దారుంటె చెప్పున్రి, పుణ్యముంటది."

దారి లేదు. విజయకుమారి పేర్లు వదలమంది, భుఖన్‌లాల్ సణుక్కుంటూ వదిలాడు. మార్చిలో పదిమంది పేర్లు తిరిగొచ్చాయి. చాందినిది రాలేదు. వాళ్ళ దగ్గర ఐదో తరగతి పరీక్ష ఏప్రిల్లో. పేరు అక్కడుంటేనే పాసైనట్టు కార్డు ఇస్తారు. పిపరాడీహ్ బళ్ళో లెక్క సరిగ్గా అరవై దగ్గర ఆగిపోయింది. మూడో టీచరు నిలవాలంటే ఇంకొక్క పేరు కావాలి.

భుఖన్‌లాల్ తలుపు దగ్గరగా వేసి కూచున్నాడు. "దీదీ, ఆ పిల్ల పేరు కూడా తెప్పించండి. మన పరీక్ష వచ్చేవారం. ఆమె పేరున ఎవరో ఒకరు రాస్తారు. ఐదు పాసవుతుంది, ఫూలేశ్వరి మిగులుతుంది. ఎవరికి నష్టం?"

ఎవరికీ లేదు. ఆమెకి కోపం తెప్పించిందీ అదే. ఇలాంటి పేపర్లు ఆమె చూసింది, ఒకే చేతిరాతతో నాలుగు పేర్లు. దిద్దినవాళ్ళు మార్కులేశారు, ఆమె ముద్ర వేసింది.

"ఆ పిల్ల అక్కడ కూచుని తనంతట తను చదువుతోంది భయ్యా. తెలుగులో లెక్కలు చేస్తోందట. మనం ఇక్కడ దాని పేరున ఇంకోడితో రాయిస్తే, రేపు ఆరులో కూచుని అది ఏమనుకోవాలి?"

"అది అనుకోవడం సరే. ఒకటో తరగతి వాళ్ళు ఏమనుకోవాలి? వాళ్ళ టీచర్ని ఎవరు పట్టుకుపోయారని?"

ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే ఆమెకి నిద్ర పట్టలేదు. ఒక పిల్ల ఒకవైపు, అరవైమంది ఒకవైపు. ఎటు చూసినా లెక్క భుఖన్‌లాల్ పక్షమే. అయినా ప్రతిసారీ ఆ లెక్క చేసుకునే ఇక్కడిదాకా వచ్చాం కదా అనిపించింది. పై ఏడాది ఇంకో ఫూలేశ్వరి కోసం ఇంకో చాందిని. పొద్దున లేచి, సంఖ్య అరవై అని రాసి పంపేసింది.

ఈసారి ఆమెని మీటింగులో నిలబెట్టలేదు. సంఖ్య ఎందుకు తగ్గిందని ఎవరూ అడగనే లేదు. జూన్‌లో మాత్రం ఫూలేశ్వరికి ఇంకో బడికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. వెళ్ళేరోజు ఆ అమ్మాయి బల్లమీద బొమ్మల అట్టలు వదిలి, "మేడం, మీరు చేసింది సరైనదేనేమో. నాకు తెలీదు. నాకైతే ఏడుపొస్తోంది," అని బస్సెక్కింది. భుఖన్‌లాల్ విజయకుమారితో ఆ సంఖ్య పంపిన రోజే మాట మానేశాడు. ఆమె బడికొస్తే కుర్చీ వేయించేవాడు, టీ తెప్పించేవాడు, మొహం చూసేవాడు కాదు.

ఆ నెలాఖర్లో చాందిని తిరిగొచ్చింది. ఎండకి నల్లబడింది, పొడుగైంది. చేతిలో తెలుగు అచ్చులో ఉన్న ప్రోగ్రెస్ కార్డు. ఆరులో చేర్పించడానికి విజయకుమారే వెంటపెట్టుకుని పక్క ఊరి మిడిల్ స్కూలుకి తీసుకెళ్ళింది. అక్కడి హెడ్మాస్టరు కార్డుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఏం రాతో ఎవడికి తెలుసు? రేషన్ కార్డేమో."

"నాకు తెలుసు," అంది విజయకుమారి. ఒక్కో గడి వేలు పెట్టి చదివి, హిందీలో చెప్పింది. గణితం దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇన్ని మార్కులా? బట్టీకి పోయా?"

"బడికి పోయా సార్," అంది చాందిని. ఆయన పేరు రాసుకున్నాడు.

బయటికొచ్చాక ఆ పిల్ల థాంక్స్ ఏమీ చెప్పలేదు. తమ్ముడు ఇంట్లో ఏడుస్తుంటాడని పరిగెత్తింది.

విజయకుమారి అక్కణ్ణుంచి పిపరాడీహ్ పోయింది. బడి బయటికే వినిపిస్తోంది గోల. రెండో ఆయన ఎప్పట్లాగే ఓటర్ల పనిమీద లేడు. భుఖన్‌లాల్ ఒక గదిలో ఐదో తరగతికి పాఠం చెబుతూ, మధ్యమధ్య కిటికీలోంచి పక్కగది పిల్లల్ని కేకలేస్తున్నాడు. ఎప్పటిలా ఆమె తరగతి పరిశీలన ఫారం తీసి వరండాలో కుర్చీ జరుపుకోబోయింది.

ఆయన బయటికొచ్చాడు. మూడునెలల తరవాత మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పరిశీలన తరవాత చేసుకోండి దీదీ. ముందు ఆ గదిలోకి పోయి మూడో తరగతికి తీసివేతలు చెప్పండి. ఫూలేశ్వరి సగంలో వదిలేసింది."

ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టి లోపలికి నడిచింది.